ఎత్తైన కొసగోడ
(మఠంపల్లి వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

    

విద్యావంతులును వయోవృద్ధులును ఇందఱుండగా, చేత బాడిస పట్టి బ్రతికిన నన్ను మాటలాడుమని కార్యదర్శిగారు కోరుట నాయందలి అభిమానముచేతనే కాని నా పాండిత్యమును చూచి కాదు. కులచరిత్రమును గుఱించియు, బాలబాలికల విద్యను గుఱించియు చెప్పదగినవారు నా తరువాత చెప్పుదురు. నేను ఒక్క గోడను గుఱించి చెప్పి కూర్చుందును. ఆ గోడ ఒకనాడు నా చేతిమీదుగా లేచి, నా తప్పువలననే కూలినది. దానిని గుఱించి నలుగురియెదుట చెప్పుటకు నాకు ఇన్ని సంవత్సరములు పట్టినది.

రెండువాలుల కప్పుగల కట్టడమునకు నాలుగు గోడలుండును. అందు రెండు చూరుక్రింది గోడలు; కప్పు బరువంతయు వీనిపై నాను. తక్కిన రెండు కొసలయందు నిలుచును. వీని నెత్తి చూరుతో నాగక వెన్నుదూలము వఱకు ముక్కోణముగా పోవును. వీనినే నేడు కొసగోడలని పిలిచెదను. చూరుగోడ పండ్రెండడుగు లున్నచోట కొసగోడ నడుమ ఇరువదడుగు లుండును. చిత్రమేమనగా, బరువు మోయు పొట్టిగోడను గుఱించి అందఱును శ్రద్ధ వహింతురు. బరువు లేని పొడుగుగోడను ఎవ్వరును లెక్కింపరు. 'అది ఊరక మూయుటకే గదా' యందురు. ఆ మాట నేనును అంటిని.

మన పెద్దలు ఈ గోడను ఎట్లు చూచిరో మొదట విన్నవింతును. కృష్ణ యొడ్డున నున్న ఈ సీమలో, మట్టపల్లి నరసింహస్వామివారి క్షేత్రమునుండి హుజూర్‌నగరమువఱకు, నా చిన్నతనమున ఇండ్లు మూడు విధములు. నాపరాళ్ళతో గోడలు పేర్చి, దూలములు పఱచి, మన్ను కప్పిన మిద్దెలు కొన్ని. గూనపెంకుల ఇండ్లు కొన్ని. తక్కినవి తాటాకు పాకలును గడ్డి గుడిసెలును. మిద్దెకు వాలు లేదు గనుక ముక్కోణపు గోడయు లేదు. పెంకుటిండ్లలో పలువురు నాలుగువాలుల కప్పు వేయించిరి. నాలుగు వైపుల చూరు క్రిందికి దిగునప్పుడు కొసగోడ పొట్టిగానే యుండును, మూలవాసములు కప్పును నాలుగు దిక్కులనుండి బిగించును. ఉత్తరాంధ్ర తీరమున బెస్తవారు కట్టుకొను చుట్టిండ్లకు కొసయే లేదు. గాలికి పట్టు దొరకదు. సముద్రపు గాలిని తరతరములుగా ఎఱిగినవారు ఎత్తైన కొసగోడను కట్టకుండుటయే మేలని తలచిరని నాకు తోచును.

రెండువాలుల పాక వేయవలసివచ్చినప్పుడు మాత్రము ఏమి చేసిరి? నిట్రాడ పాతిరి. నిట్రాడ యనగా నేలనుండి వెన్నుదూలము వఱకు నిలుచు ఒక్క కఱ్ఱ. రెండు మూరలు భూమిలో దిగి, కొనయందు పంగ కలిగి, ఆ పంగలో వెన్నుదూలమును మోయును. దీనిని నడుమ కోసి అతికినవానిని నేను చూడలేదు. మా తాతగారు నిట్రాడకు కఱ్ఱ దొరకలేదని పాకపనిని నెలదినము లాపినట్లు మా ఇంట చెప్పుకొనువారు. చిన్నతనమున నది నాకు మొండితనముగా తోచినది.

పెంకుటిండ్లలో మఱియొక రక్షణ యుండెను. చూరు ఎత్తున దూలములు పఱచి, పలకలు వేసి, అటక కట్టెడివారు. మిరపకాయలు, కుండలు, పాత తాటాకు గ్రంథములు అందు పెట్టుకొనువారు. అటక సామానుకొఱకే యని అందఱును అనుకొనిరి. నిజమునకు అది కొసగోడను నడుము పట్టుకొని నిలిపిన చేయి. గాలి కొసగోడను త్రోసినపుడు ఆ త్రోపు అటక దూలముల మీదుగా ఇంటి పొడవంతటికిని పంచబడెడిది. నేడు హాలు ఎత్తుగా, విశాలముగా కనబడవలెనని అటకను తీసివేయుచున్నాము. గోడను పట్టుకొన్న చేయి పోయినదని తలచువారు అరుదు.

ఇక నా కథ. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడిచిరి. ఎడమకాలువ నీరు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములకు అందిన తరువాత జొన్నచేలు వరిమళ్ళైనవి. ధాన్యము పండిన చోట మిల్లులు లేచినవి. మిల్లులున్నచోట గోదాములు కావలసివచ్చినవి. ఎడ్లబండి చక్రములు చేసి, నాగళ్ళు చెక్కి బ్రతికిన మన వడ్రంగులలో పలువురు ఈ గోదాముల కప్పుపనికి పోయిరి. నేనును అట్లే పోయితిని. అప్పటికి నేను పారిశ్రామిక శిక్షణాలయమున రెండేండ్లు చదివి, పత్రము చేతబట్టి వచ్చిన యువకుడను. మా నాయనకు చదువు లేదు. ఆయన మూలమట్టము, గుండుదారము తప్ప వేఱు పరికరములను నమ్మలేదు.

1987వ సంవత్సరమున ఒక ధాన్యపు గోదాము పని నాకు వచ్చినది. వెడల్పు ముప్పదడుగులు. కప్పుకు మన పనివారు కైంచీలని పిలుచు కొయ్య త్రికోణపుకట్టులు, పైన ఇనుపరేకులు. కొసగోడలను గూడ కొయ్యచట్రముతో కట్టి రేకులు బిగింపవలెను. ఇరువదడుగుల నల్లమద్ది కఱ్ఱలు అడితిలో దొరకలేదు. దొరికినవి ప్రియముగా నుండెను. నేను ఉపాయము పన్నితిని. పండ్రెండడుగుల నిలువుకఱ్ఱలతో క్రింది చట్రము. దానిపై చూరు ఎత్తున అడ్డముగా నొక తలపట్టె. ఆ పట్టెమీద ఎనిమిదడుగుల ముక్కోణపు చట్రము వేఱుగా చేసి నిలిపితిని. చూచుటకు ముచ్చటగా నుండెను. యజమాని మెచ్చుకొనెను. కైంచీలకును గోడకును నడుమ నాలుగు దన్నుకఱ్ఱలు వేయుదమని మొదట అనుకొంటిని. బస్తాలు పేర్చుటకు అడ్డము వచ్చునని వానిని నేనే మానితిని. మా నాయన వచ్చి చూచి, తలపట్టెపై చేయి వేసి, 'నడుమ ఎందుకు తెగగొట్టినవు బిడ్డా?' అని అడిగెను. 'ఈ గోడమీద బరువేమున్నది నాయనా!' అని నేను నవ్వితిని.

రెండవ వేసవిలో, ఏప్రిల్ నెలాఖరున, సాయంకాలము గాలివాన వచ్చినది. మన ప్రాంతపు వేసవి గాలివానలను మీరెఱుగుదురు. పావుగంటలో మామిడితోట నేలపాలగును. గోదాము ముందరి పెద్ద తలుపు తెఱచియుండెను. గాలి లోనికి జొచ్చి నిండినది. వెనుక కొసగోడ చాటున గాలి తగులదని ఒక హమాలీ సోదరుడు ఆ గోడ వెలుపల ఒదిగి నిలిచెను. లోపలి గాలి గోడను బయటికి త్రోసినది. వెలుపలి గాలి ప్రక్కలమీదుగా పోవుచు దానిని బయటికే పీల్చినది. గోడ సరిగా తలపట్టె వద్ద మడిచినట్లు విఱిగి, ముక్కోణపు చట్రము రేకులతో సహా అతనిపై పడినది. ప్రాణము దక్కినది గాని ఎడమకాలు తొడయెముక విఱిగినది. మఱల అతడు బస్తా మోయలేదు.

మఱునాడు మా నాయన వచ్చి ఆ విఱిగిన చోటును చాలసేపు చూచెను. ఒక్క కఱ్ఱయు నడుమ విఱుగలేదు. మేకులు మాత్రము తలపట్టెనుండి ఊడి వచ్చినవి. 'గోడకు మోకాలు పెట్టినవు బిడ్డా' అని మాత్రము అని వెడలిపోయెను.

మోకాలు! తరువాత నేను చదివిన గ్రంథములలో దీనిని కీలు అని వ్రాసిరి. తలుపునకు కీలు కావలెను, గోడకు కూడదు. క్రింది చట్రమును పై చట్రమును వేఱువేఱుగా చేసి ఒకదానిపై నొకటి నిలిపినప్పుడు, నడుమ అడ్డముగా నున్న పట్టె రెంటిని కలుపునట్లు కనబడును. కాని పట్టెగుండ నిలువుకఱ్ఱ కొనలోనికి కొట్టిన మేకు తలనారలో దిగును. తలనారలో మేకునకు పట్టు లేదు. పలుపంటితో లాగిన వచ్చుననుట అతిశయోక్తియైనను, లాగుడు బలమునకు దానిని లెక్కలోనికి తీసికొనరాదు. ఇట్లు కొసగోడ తన బలహీనమైన చోటును తన ఎత్తు నడుమనే, గాలి త్రోపు మిక్కుటముగా వంచుచోటనే, పెట్టుకొని నిలుచును.

ఆ త్రోపు ఎంత? యువకులు దీనిని గమనింపగోరెదను. భారతీయ ప్రమాణముల సంస్థవారు గాలిబలములను గుఱించి ప్రకటించిన 875వ సంఖ్య ప్రమాణము మూడవ భాగమున, 2015 ముద్రణలో, కట్టడముల లెక్కకు మూలమగు గాలివేగము హైదరాబాదునకు సెకనుకు 44 మీటర్లు, విజయవాడకు 50 మీటర్లు అని యున్నది. మన మఠంపల్లి ఈ రెండు నగరముల నడుమ నున్నది. తక్కువదానినే తీసికొందము. వేగమును వేగముతో గుణించి, 0.6తో గుణించిన యెడల చదరపు మీటరునకు సుమారు 1160 న్యూటన్లు, అనగా దాదాపు 118 కిలోల ఒత్తిడి వచ్చును. 50 మీటర్ల వేగమునకు 153 కిలోలు. కట్టడపు ఆకారము, తలుపులు, చుట్టుప్రక్కల మఱుగు మొదలగువానినిబట్టి ఇది హెచ్చుతగ్గు లగును. మొదటి అంచనాకు ఇది చాలును.

నా గోదాము కొసగోడ ముప్పదడుగుల వెడల్పు, చూరువఱకు పండ్రెండడుగులు, దానిపై ఎనిమిదడుగుల ముక్కోణము. వైశాల్యము సుమారు 44 చదరపు మీటర్లు. త్రోపు 5200 కిలోలు. 75 కిలోల ధాన్యపు బస్తాలు డెబ్బది! బరువే లేదని నేను నవ్విన గోడను డెబ్బది బస్తాల బలము ప్రక్కనుండి త్రోసినది. నడుమ నిలువుకఱ్ఱలు రెండడుగుల దూరమున నున్నచో ఇరువదడుగుల కఱ్ఱ ఒక్కొక్కటి నాలుగు క్వింటాళ్ళకు పైగా మోయవలెను, నిలువునగాక అడ్డముగా.

ఇంకొక సంగతి. ఎత్తు రెట్టింపైనచో కష్టము రెట్టింపే యని మనస్సు చెప్పును. అది సరికాదు. ఒకే ఒత్తిడిక్రింద, ఒకే కొలత కఱ్ఱ పదియడుగులనుండి ఇరువదడుగులైనచో, దానిని విఱుచు శక్తి నాలుగింతలగును. అది నడుమ వంగుట పదునాఱింతలగును. అయితే కఱ్ఱకు ఒక వరము కలదు. గాలి వచ్చు దిక్కున దాని మందము నాలుగంగుళములనుండి ఎనిమిదంగుళములు చేసినచో విఱుగుటకు ఓర్పు నాలుగింతలు, వంగకుండు బిగువు ఎనిమిదింతలు పెరుగును. కావున ఎత్తైన కొసగోడలో నిలువుకఱ్ఱను వెడల్పు వైపు గోడవెంబడి గాక, గాలికి ఎదురుగా నిలుపవలెను. బాడిసతో చెక్కిన నలుచదరపు కఱ్ఱ అందముగా నుండును. అంతే కొయ్యతో పలుచగా, లోతుగా చేసిన కఱ్ఱ ఎక్కువ నిలుచును. మన దూలములను నిలువు అంచున పఱచు ఆచారమందున్న తెలివియే ఇది. దూలమునకు తెలిసిన దానిని గోడకు చేయమఱచితిమి.

నా తప్పు నా యొక్కనిదే కాదని తెలిసికొనుటకు సముద్రము దాటవలసివచ్చినది. మా కుమార్తె, అల్లుడు టెక్సాసు రాష్ట్రమున డాలసునగర సమీపమున నున్నారు. ఆ ప్రాంతమందు మన తెలుగువారి యిండ్లు చాల గలవు. అవి పైకి ఇటుకగోడలవలె కనబడును గాని లోపల సర్వమును కొయ్యయే. నేను వారియింట నాలుగు మాసములు గడపిన కాలమున ఎదుటి స్థలమున నొక యిల్లు లేచుచుండెను. ఉదయము కాఫీ త్రాగి నేను పోయి ఆ వడ్రంగులను చూచుచు నిలుచువాడను. వారు మెక్సికో దేశస్థులు. వారి భాష నాకు రాదు, నా భాష వారికి రాదు. మూడవనాడు వారిలో పెద్దవాడు తన కొలతబద్దను నాచేతికిచ్చి, చట్రము మూలమట్టము చూడుమని సైగ చేసెను. నాకు కలిగిన సంతోషము చెప్పనలవి గాదు.

అచ్చట ముందరి హాలు రెండంతస్తుల ఎత్తు. దాని కొసగోడలో నిలువుకఱ్ఱలు క్రింది అడుగుపట్టెనుండి వాలుకప్పు వఱకు ఒక్కటే తీగవలె పోయినవి. నడుమ తలపట్టె లేదు. అంత పొడవు కొయ్య దొరకనిచోట పలుచని పొరలు అంటించి చేసిన కఱ్ఱను వాడిరి. పదియడుగులు మించిన గోడకు మామూలు కఱ్ఱను మామూలు పద్ధతిలో నిలుపుటకు అచ్చటి గృహనియమములు సులభముగా నొప్పుకొనవనియు, వేఱుగా లెక్కకట్టి చూపవలెననియు మా అల్లుడు చదివి చెప్పెను. నిలువుకఱ్ఱల నడుమ అక్కడక్కడ పొట్టి అడ్డముక్కలు బిగించిరి. అవి రెండు పనులు చేయును: సన్నని కఱ్ఱ మెలిదిరుగకుండ ఆపును, అగ్ని పుట్టినచో గోడలోని ఖాళీ పొగగొట్టమువలె మంటను పైకి లాగకుండ అడ్డుకొనును.

దీనికి వెనుక నొక చరిత్ర గలదు. 1830 పదులలో చికాగో ప్రాంతమున సన్నని కఱ్ఱలను నేలనుండి కప్పు వఱకు ఏకముగా నిలిపి మేకులతో ఇండ్లు కట్టు పద్ధతి బయలుదేరినది. దానికి బెలూను కట్టు అని పేరు. తరువాత పొడుగు కొయ్య అరుదగుటవలనను, అగ్నిభయమువలనను, ఒక్కొక్క అంతస్తును వేఱుగా కట్టి దానిపై రెండవదానిని నిలుపు పద్ధతి వ్యాపించినది. సాధారణపు ఇంటికి అది మంచిదే. ఏలయనగా ప్రతి అతుకువద్దను ఒక అంతస్తు నేల, మన అటకవలె, గోడను పట్టుకొనియుండును. నేల లేని ఎత్తు గదిలోను, కప్పుక్రింది ముక్కోణములోను అదే పద్ధతిని అనుసరించినచో మోకాలు పుట్టును. 1992 ఆగస్టు 24వ తేదీన ఫ్లారిడా దక్షిణభాగమును ఆండ్రూ తుపాను కొట్టినపుడు, కొయ్యకప్పుల ఇండ్లలో ముక్కోణపు కొసలు దన్ను చాలక పడిపోయిన వైనమును ప్రభుత్వ పరీక్షకులు వీధివీధిని చూచి వ్రాసిరి. కొస పడగానే కప్పుపలకలు లేచిపోయినవి. అవి లేవగానే వాన లోన జొచ్చి సర్వమును పాడుచేసినది. లోకమందెల్ల విద్యావంతులుగల దేశమున జరిగిన తప్పు, మన గోదాములో జరిగినది ఒక్కటే. ఇది నాకు ఓదార్పు గాదు. అతని కాలు రాలేదు గదా.

ఇప్పుడు ఏమి చేయవలెనో చెప్పెదను. మొదటిది చెప్పనే చెప్పితిని: కొసగోడ నడుమ నిలువుకఱ్ఱలు నిట్రాడవలె ఏకముగా పోవలెను. అన్నియు పోనవసరము లేదు. కిటికీల నడుమ రెండు మూడు బలమైనవి కప్పువఱకు పోయినచో తక్కినవి వానిని ఆశ్రయించును. అతుకు తప్పనిసరియైనచో ఆ యెత్తున గోడవెంబడి వెడల్పైన దూలమును బల్లపరుపుగా పెట్టి, దాని రెండు కొనలను చూరుగోడలకు ఇనుపపట్టీలతో బిగింపవలెను.

రెండవది దన్నుకఱ్ఱ. దీనిని గుఱించి ఎక్కువ భ్రమ కలదు. గోడపైభాగమునుండి వెనుకకు ఏటవాలుగా నొక కఱ్ఱను కైంచీ అడుగుదూలముమీదికి దించి, 'దన్ను పెట్టితిమి' అని నిశ్చింతగా నుందురు. ఆ కఱ్ఱ గాలి త్రోపును తీసికొని ఎచ్చటికి ఇచ్చుచున్నది? ఒక్క కైంచీకి. కైంచీ తన బరువును క్రిందికి మోయుటలో ఏనుగు. ప్రక్కకు త్రోసినచో ఆకు. పైగా ఏటవాలు కఱ్ఱ ఊరక త్రోయదు. గాలి బయటికి లాగినపుడు తాను పట్టుకొన్న దూలమును పైకి ఎత్తును. కావున దన్నుకఱ్ఱ మొదలు కనీసము మూడు నాలుగు దూలములను కలుపుచు పొడవున వేసిన పట్టెపై నుండవలెను. ఆ పట్టె ప్రతి దూలమునకును మేకుతోగాక పట్టీతో కట్టబడియుండవలెను. వాలు నలువదియైదు డిగ్రీలకు మించి నిట్టనిలువుగా పోరాదు; నిలువైనకొలది ఎత్తుట హెచ్చు, ఆపుట తక్కువ.

మూడవది కప్పు తలమునందలి కట్టు. కొసగోడ పైసగము త్రోపు వెన్నుదూలమునకును అడ్డపట్టెలకును చేరును. అవి దానిని వరుసగా ఒక కైంచీనుండి మఱియొకదానికి అందించును. ఎచ్చటను ఏటవాలు కట్టు లేకున్నచో కైంచీలన్నియు ఒకే దిక్కున ఒరిగి పేకమేడవలె పండుకొనును. రెండు కొసలయందును మొదటి రెండు కైంచీల నడుమ, కప్పు వాలువెంబడి, గుణకారపు గుర్తువలె రెండు కఱ్ఱలు లేక ఇనుపకడ్డీలు బిగింపవలెను. అచ్చటినుండి బలము చూరునకు దిగును. చూరుగోడలోను అట్టిదే యొక ఏటవాలు కట్టున్నచో నేలకు చేరును. నేల చేరువఱకు ఎచ్చట దారి తెగినను అచ్చట కట్టడము తెగును. కాలువ తూము మూసినచో పై గట్టు తెగుటను మన రైతులు చూచినదే గదా.

నేల చేరిన తరువాతను ఒక ప్రమాదము కలదు. చెదకు భయపడి మనము స్తంభపు మొదలును రాతిదిమ్మపై నిలుపుదుము. మంచి ఆచారము. కాని ఆ స్తంభము బరువుతోనే నిలుచును; కొసగోడ స్తంభమునకు పై బరువు లేదు. గాలి త్రోసినపుడు మొదలు జారును. దిమ్మలో ఇనుపచీల నాటి, స్తంభపు మొదటిలో దిగవేసి, ప్రక్కనుండి అడ్డచీలతో బిగింపవలెను. పచ్చికొయ్యతో కట్టిన చట్రము ఒక వేసవిలోనే ఎండి, మేకులు వదులగుననుట మీకు చెప్పనేల?

పొడుగు కొయ్య ఎచ్చట దొరకునని అడుగుదురు. మన చేలగట్లపైనే యున్నది. ముదిరిన తాటిమ్రాను వెలుపలి భాగము మిక్కిలి గట్టిది, లోపలిది మెత్తన. టేకునకు నడుమ చేవ, తాటికి అంచున చేవ. చీల్చి, లోపలి మెత్తదనమును చెక్కివేసి, రెండు బద్దలను వీపుతో వీపు చేర్చి మరబోల్టులతో బిగించినచో ఇరువదడుగుల నిలువుకఱ్ఱ సిద్ధము. తాడిచెట్టు గౌడసోదరుల జీవనాధారము. గీతకు పనికివచ్చు చెట్టును కొట్టింపక, ఎండినదానిని వారితో మాటలాడి తీసికొనుట న్యాయము. ఇప్పటికే మోకాలు పడిన పాతగోడ యున్నవారు దానిని పడగొట్టనక్కఱలేదు. ప్రతి రెండవ నిలువుకఱ్ఱ ప్రక్కను, క్రిందినుండి పైవఱకు అతుకును దాటుచు, ఒక జోడుకఱ్ఱను చేర్చి బోల్టులు వేసిన చాలును. తరువాత నేను చేసిన మరమ్మతు లన్నియు ఇట్టివే.

గాలితోనే తీరునా? 2020 జనవరి 26వ తేదీ తెల్లవాఱకముందే చింతలపాలెము, మేళ్ళచెఱువు ప్రాంతములలో భూమి కంపించుట మీలో పలువురు ఎఱుగుదురు. నాలుగున్నరకు మించిన తీవ్రత. అంతకుముందును కొన్నివారములు పులిచింతల సమీపమున చిన్న కంపములు వచ్చుచునే యుండెను. మనవారు చలిలో ఆరుబయట పండుకొనిరి. సరిగా పందొమ్మిదేండ్ల క్రిందట, 2001లో అదే జనవరి 26న, గుజరాతులోని కచ్ఛమున ముక్కోణపు రాతిగోడలు, ఇటుకగోడలు వెలుపలికి కూలి మనుష్యులపై పడినవి. గాలి గోడ వైశాల్యమును చూచి త్రోయును. భూకంపము గోడ బరువును చూచి త్రోయును. కావున ముక్కోణమును ఇటుకతో నింపినవారు రెండవ శత్రువునకు ఆయుధ మిచ్చినవారు. ఇటుకతోనే కట్టవలసియున్నచో, 4326వ సంఖ్య భారతీయ ప్రమాణము 1993లో చెప్పినట్లు, ముక్కోణపు వాలు అంచులవెంబడి ఇనుపకడ్డీలతో కాంక్రీటు పట్టీ పోసి, కప్పు అడ్డపట్టెలను దానికి బిగింపవలెను. కొయ్యచట్రమైనచో బరువు తక్కువ గనుక ఈ భయము చాలవఱకు లేదు. సిమెంటు మిల్లులు చుట్టుముట్టిన ఈ సీమలో కొయ్యను పొగడుట కొందఱికి నవ్వు పుట్టించును, నవ్వనిండు.

నేడు గోదాములు ఇనుపగొట్టములతో లేచుచున్నవి. మన పిల్లలలో బాడిస విడిచి వెల్డింగు యంత్రము పట్టినవారు మిక్కుటము. దానికి నేను చింతింపను. గొట్టమునకును ఇదే లెక్క; చూరు ఎత్తున కోసి నాలుగు చుక్కలు అతికిన గొట్టము నా తలపట్టెకు సోదరి. గడచిన శీతకాలమున కోదాడ దారిలో నొకచోట అట్టి గోడను చూచి ఆగితిని. కట్టుచున్నది మన కులపు యువకుడే. 'తాతా, ఇది ఊరక మూయుటకే' అనెను. నాకు చెమట పట్టినది. కూర్చుండబెట్టి పై కథ చెప్పితిని. అతడు మఱునాడు వెనుక రెండు దన్నులు వేసెను. కప్పుకట్టుకు మాత్రము యజమాని డబ్బియ్యలేదని చెప్పెను.

కావున ఈ మాట మన దాతలకు, వారిలోని మిల్లుదారులకు: మేస్త్రీ యిచ్చిన అంచనాలో కోత పెట్టవలసివచ్చినపుడు మీ వేలు మొదట పోవునది ఈ ఏటవాలు కఱ్ఱలమీదికే. ఏలయనగా అవి కప్పును మోయవు, వాననాపవు, చూచుటకు అందమును గావు. కోయవలసినచో రంగు కోయుడు, ముందరి ఆర్భాటపు కమాను కోయుడు. యువకులైన మేస్త్రీలకు: యజమాని వలదన్నను పని ఒప్పుకొనకుడు. వలదన్నది యజమాని కాదు, నేనే వలదంటిని గనుక నాకు చెప్పు అధికార మున్నదో లేదో మీరే నిర్ణయింపుడు.

ఆ హమాలీ సోదరుడు తరువాత ఇరువదియేండ్లకు పైగా జీవించెను. ప్రతి సంక్రాంతికిని నేను వారియింటికి పోయివచ్చెడివాడను. ఆయన నన్ను ఒక్కమాటయు అనలేదు. ఒక్కసారి మాత్రము తన పాక నిట్రాడ పుచ్చినదని, మార్చి పెట్టుమని అడిగెను. ఇరువదిరెండడుగుల తాటిబద్దలు జోడించి నేనును మా నాయనయు కలసి నిలిపితిమి. మా నాయన చేసిన కడపటి పని యదియే. ఆ నిట్రాడ ఇప్పటికిని ఉన్నది.

వెలుపల వేపచెట్టు క్రింద మా తమ్ముని కుమారుడును నేనును మూడడుగుల ఎత్తు కొసగోడలు రెండు నిలిపియున్నాము. ఒకటి నేను 1987లో కట్టిన తీరున తలపట్టెతో. రెండవది ఏకపు కఱ్ఱలతో. మేకులు, కొయ్య, కొలతలు రెంటికిని సమానము. భోజనానంతరము పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి బొటనవ్రేలితో త్రోసి చూడ ప్రార్థించుచున్నాను. మొదటిదానిని త్రోయునపుడు వెనుక వైపున ఎవ్వరును నిలువకుండ చూచుకొనుడు. సెలవు.